తలుపుకి ఎనిమిది మంది భాగస్వాములు

మా రేగులపాలెం ఆరోగ్య కేంద్రం బలపడింది. ఎవరో చెబితే రాస్తున్న మాట కాదు. గోడ మీద అడుగు పొడుగు అక్షరాలతో రాసి ఉంది, కింద ఏడు జెండాల బొమ్మలు కూడా వేశారు. అంతకుముందు అది బలహీనంగా ఉండేదని మాకెవరికీ తెలియదు. జ్వరం వస్తే వెళ్ళేవాళ్ళం, మాత్రలు ఇస్తే తెచ్చుకునేవాళ్ళం. ఆ అజ్ఞానంలోనే రోజులు గడిచిపోయాయి.

అది బలపడడానికి సరిగ్గా ఐదు రోజుల ముందు, ఒక సోమవారం నాడు, మా అమ్మాయి హారికని కుక్క కరిచింది. మూడో తరగతి చదువుతోంది. బడి నుంచి వస్తూ బస్టాపు దగ్గర చేపల నూకాలమ్మ గంప పక్కన ఆగింది. గంప కోసం వచ్చిన నల్ల కుక్క దీని పిక్క పట్టుకుంది. నేను చెప్పు తీసి పరిగెత్తాను, నా చెయ్యి కరిచింది. నూకాలమ్మ తక్కెడతో కొట్టబోతే ఆవిడ మడమ కరిచింది. కరెంటు స్తంభం మీద లైన్‌మేన్ తవిటయ్య ఉన్నాడు. స్తంభం మీద ఉన్న మనిషి అక్కడే ఉండొచ్చు కదా. సాయం చేద్దామని దిగి మోకాలి దగ్గర కరిపించుకున్నాడు.

నలుగురం కలిసి ఆరోగ్య కేంద్రానికి వెళ్ళాం. అది మంచిదే అయింది. ఎందుకంటే కుక్కకాటు మందు సీసా ఒకసారి తెరిస్తే ఆ పూటకి ఆ పూట వాడెయ్యాలి, దాచకూడదు. ఒక సీసా నలుగురికి వస్తుంది. అందుకని నర్సు సత్యవేణి సిస్టర్ ఒక్కరి కోసం ఎప్పుడూ సీసా తెరవదు. ఒక్కరు వస్తే బల్ల మీద కూర్చోబెట్టి, "ఇంకా ఎవల్ని కరిసిందో కనుక్కొని రండమ్మా" అని ఇంటివాళ్ళని ఊరి మీదికి పంపుతుంది. పెళ్ళి సంబంధాలు వెతికినట్టు కాటు తిన్నవాళ్ళని వెతుక్కోవాలి. మమ్మల్ని చూసి సిస్టర్ ముఖం విప్పారింది.

"సక్కగా జట్టు కట్టుకొని వొచ్చినారు. ఇకమీదట నలుగురూ ఒకే రోజు రండి. ఒక్కలు తప్పినా మిగతా ముగ్గురికీ కష్టం" అంది.

కరిచిన రోజు, మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు. మొత్తం నాలుగు సార్లు. రెండు సార్లు వేయించుకున్నాం. కరిచిన కుక్క పది రోజులు ఆరోగ్యంగా ఉంటే భయం లేదని కూడా సిస్టర్ చెప్పింది. మూడో రోజు నుంచి ఆ కుక్క కనిపించలేదు. గిన్నెలో అన్నం కలుపుకొని రేషన్ షాపు వెనక, బడి వెనక, కల్లుపాక వెనక తిరిగాను. కరిచిన కుక్కకి అన్నం పట్టుకొని ఊరంతా తిరిగింది మా ఊళ్ళో నేనొక్కదాన్నే. దొరకలేదు. అది చచ్చిపోయి ఉంటుందని నాకు తెలిసిపోయింది. పిచ్చి పట్టే చచ్చిపోయి ఉంటుంది.

పిచ్చికుక్క జబ్బు వస్తే నీళ్ళంటే భయం వస్తుందని చిన్నప్పుడు విన్నాను. గంటకోసారి హారిక ముందు నీళ్ళ గ్లాసు పెట్టి ముఖం చూసేదాన్ని. రెండు రోజులకి దానికి నీళ్ళంటే భయం రాలేదు గాని, నేనంటే భయం పట్టుకుంది.

ఏడో రోజు సోమవారం. తొమ్మిదింటికే వెళ్ళాం. ఆరోగ్య కేంద్రం బయట షెడ్డులో పాత ఫ్రిజ్ తాడుతో కట్టేసి ఉంది. దాని మీద సున్నంతో 'పనికిరాదు' అని రాశారు. మొన్న గురువారం వరకూ మా మందు దాంట్లోనే ఉంది. లోపల, సూదులు వేసే గదిలో, బీరువా అంత ఎత్తున కొత్త ఫ్రిజ్ నిలబడి ఉంది. అద్దం తలుపు. లోపల తెల్లటి దీపం. మధ్య అరలో మూడు సీసాలు బంగారు కొట్టులో నగల్లాగా మెరుస్తున్నాయి. సత్యవేణి సిస్టర్ ఆ అద్దం ముందు చేతులు కట్టుకొని నిలబడింది.

"సిస్టర్, ఈరోజు మా తేదీ" అన్నాను.

"తెలుసప్పా. మందూ ఉంది. అదిగో."

"తియ్యమ్మా మరి."

"తలుపు నాది కాదప్పా" అంది, నేరం చేసినదానిలాగ.

అప్పుడే పక్క గదిలోంచి ఒకాయన వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మెడలో పలకంత గుర్తింపు కార్డు. పేరు చక్రపాణి గారు. భాగస్వామ్య సమన్వయకర్త అని కార్డు మీద ఉంది. ముప్పై ఏళ్ళుంటాయేమో. మమ్మల్ని చూసి దణ్ణం పెట్టి మరీ నవ్వాడు. డాక్టరు గారేరని అడిగితే, 'వ్యవస్థల బలోపేతం' మీద శిక్షణకి వెళ్ళారని, అది పూర్తయితే శిక్షకులకి శిక్షణ ఇచ్చే శిక్షణకి వెళ్తారని చెప్పాడు.

"ఇది మామూలు ఫ్రిజ్ కాదమ్మా. ఇది జాతీయ ఆరోగ్య వ్యవస్థను క్షేత్రస్థాయిలో సుస్థిరంగా బలోపేతం చేసే అంతర్జాతీయ భాగస్వామ్య శీతల వేదిక."

"సల్లగుంతాదా?" అని నూకాలమ్మ అడిగింది.

"ఐదు డిగ్రీలు. పెట్టె ఒక దేశం ఇచ్చింది. తలుపు ఇంకొక దేశం. అరలు ఒక ధర్మసంస్థ. లోపలి దీపం ఒక విశ్వవిద్యాలయం. ఉష్ణమాపకం, తాళం, చక్రాలు తలొకరివి. మొత్తం ఏడుగురు భాగస్వాములు. తలుపు తెరవడమన్నది ఉమ్మడి నిర్ణయం."

"తలుపిచ్చినోళ్ళు తీసీమంటే సాలదా బావూ?" అన్నాను.

"తలుపు తీస్తే దీపం మీద ప్రభావం పడుతుంది. అరల మీద పడుతుంది. ఏ భాగస్వామినీ సంప్రదించకుండా ప్రభావితం చేయకూడదన్నది మా మౌలిక విలువ."

"మరి మందు లోపలికి ఎలగెళ్ళింది?" తవిటయ్య అడిగాడు. లైన్‌మేన్ కదా, ఎటునుంచి ఎటు వెళ్ళిందో అడగడం అలవాటు.

"శనివారం సాయంత్రం ఆరింటికి సిస్టర్ గారు సర్దారు. ఒప్పందం ఆరున్నరకి అమల్లోకి వచ్చింది."

గోడకి తగిలించిన టీవీ చూపించాడు. దాని మీద ఆకుపచ్చ గీత ఒకటి, చెరువు నీళ్ళలాగ కదలకుండా పడుకొని ఉంది. "ఆ గీత చూడండమ్మా. లోపలి ఉష్ణోగ్రత. శనివారం నుంచి వెంట్రుకవాసి వంకర లేదు. ఏడు దేశాల్లో ఏడుగురు ఆ గీతని చూస్తున్నారు. వ్యవస్థ బలం అంటే అదే."

"తలుపు తీస్తే?"

"వంకర వస్తుంది" అన్నాడు, పాడు మాట పలికినట్టు మెల్లగా.

నూకాలమ్మ అద్దానికి ముక్కు ఆనించి సీసాలు చూసింది. "వొలమ్మ! మందు సల్లగుండడానికి బీరువా ఎట్టినారా, బీరువా సల్లగుండడానికి మందెట్టినారా?"

చక్రపాణి గారు దాన్ని డైరీలో రాసుకున్నాడు. లోతైన పరిశీలన అన్నాడు.

మర్నాడు మంగళవారం హారికని తీసుకొని నలభై కిలోమీటర్లు బస్సులో పట్నం పెద్దాసుపత్రికి వెళ్ళాను. దారిలో మూడు కల్వర్టులు, ఒక రైలు గేటు. ఒక్కో చోట బస్సు ఎలా బోల్తా పడుతుందో నాకు కనబడుతూనే ఉంది. పడలేదు. చీటీల కిటికీ దగ్గర ఒకమ్మాయి కంప్యూటర్లో మా ఊరి పేరు కొట్టి తల అడ్డంగా ఊపింది.

"మీది బలపడిన మండలమండి. మీకు మీ దగ్గిరే వెయ్యాలి. ఇక్కడ బలపడని మండలాలోళ్ళకే."

"మేం బలపడినట్టు మాకు తెలీదమ్మా. పిల్లని సూడు, ఎక్కడైనా బలపడినట్టుందా?"

"మీకు తెలియక్కర్లేదండి. సిస్టంలో ఉంది."

"కంప్యూటర్లో ఒక్క రోజుకి మమ్మల్ని బలైనం చెయ్యలేవా తల్లీ?"

ఆ అమ్మాయికి జాలేసింది. నిజంగానే ఏవేవో మీటలు నొక్కి చూసింది. "కుదరట్లేదండి. ఒకసారి బలపడ్డాక వెనక్కి రానివ్వట్లేదు."

ఎదురుగా ఉన్న మూడు మందుల షాపుల్లో సరుకు లేదన్నారు. బలపడిన మండలాల వాళ్ళంతా వచ్చి కొనుక్కుపోయారట. తిరుగు బస్సులో హారిక నా ఒళ్ళో పడుకొని, "అమ్మా, ఆ సీసా మనదేనా?" అని అడిగింది. మనదేనన్నాను. "మరి మనకెందుకివ్వరు?" అంటే, చల్లగా ఉండాలి కదమ్మా అన్నాను. నాకే అర్థం కాలేదు ఆ జవాబు.

బుధవారం పొద్దున్న నేను మెట్ల మీద కూర్చొని ఉంటే చక్రపాణి గారే నా దగ్గరికి వచ్చి పక్కన మెట్టు మీద కూర్చున్నాడు. చేతిలో ఒక ఫారం ఉంది.

"సన్యాసమ్మ గారూ, భాగస్వామ్యంలో ఎనిమిదో కుర్చీ ఖాళీగా ఉందండి. సమాజ ప్రతినిధి. అది నిండితే గాని కమిటీ కూర్చోడానికి వీల్లేదు. అర్హతలు చదువుతాను. స్త్రీ. తల్లి. పదో తరగతి లోపు చదువు. మీరు ఎంతవరకు చదివారు?"

"ఎనిమిది."

"అద్భుతం. చివరిది. ఆరోగ్య విషయాల్లో ఆందోళనలు కలిగి ఉండవలెను. మీకేమైనా ఆందోళనలు ఉన్నాయా?"

లోపల మాత్రల పెట్టె సర్దుతున్న సత్యవేణి సిస్టర్ కిటికీలోంచి తల బయటపెట్టింది. "సార్, మా సన్యాసమ్మప్పకి అవి తప్ప ఇంకేటీ నేవు. రాసీయండి."

నేను జంకాను. సంతకం పెడితే ఏం మునుగుతుందో అని మా ఇంట్లో గ్యాస్ బుక్కు మీద కూడా నేను పెట్టను. సిస్టర్ బయటికి వచ్చి చెవిలో చెప్పింది. "సేరప్పా. కమిటీ కూకుంటే తలుపు మాట అడగొచ్చు. లేకపోతే ఎవులడుగుతారు? నేనడిగితే బదిలీయే."

సంతకం పెట్టాను. నాకొక కుర్చీ, మెడలో కార్డు, టీ, రెండు బిస్కట్లు ఇచ్చారు. బిస్కట్లు హారికకి దాచాను.

ఆ మధ్యాహ్నమే కమిటీ కూర్చుంది. అంటే నేను కూర్చున్నాను. మిగతా ఏడుగురూ టీవీలో ఉన్నారు. ఒకరి వెనక మంచు, ఒకరి వెనక పుస్తకాల గోడ. ఒకాయన ఇంకా పళ్ళు తోముకుంటున్నాడు, వాళ్ళకి అప్పుడే తెల్లవారిందట. తలుపు తాలూకు ఆవిడ పేరు ఎల్సా గారు. తెల్ల జుట్టు, మంచి ముఖం. ఆవిడే నన్ను చూస్తూ ఏదో అడిగింది.

"మీకు మా నుంచి నిజంగా ఏం కావాలో చెప్పమంటున్నారు" అన్నాడు చక్రపాణి గారు.

నేను లేచి నిలబడ్డాను. "తలుపు తియ్యండమ్మా" అన్నాను. అంతే అన్నాను.

చక్రపాణి గారు దాన్ని ఇంగ్లీషులో మూడు నిమిషాలు చెప్పాడు. మధ్యలో రెండు చేతులూ ఆకాశానికి చాపాడు. ఎల్సా గారు కళ్ళు తుడుచుకుంది. ఏడుగురూ చప్పట్లు కొట్టారు. పళ్ళు తోముకునే ఆయన బ్రష్షు పక్కనపెట్టి మరీ కొట్టాడు.

"తీసీమన్నారా?"

"మీ మాటని పథకానికి నినాదంగా తీసుకుంటామన్నారు. తలుపు తెరుద్దాం! వచ్చే నెల నుంచి అన్ని పత్రాల మీదా వస్తుంది."

"నినాదం కాదు బావూ. ఆ తలుపు. నా గుంట హారికకి సూది."

చక్రపాణి గారి ముఖం మారిపోయింది. టీవీ గొంతు ఆపి నా వైపు వంగాడు. "అమ్మా, ఈ మాట మీరు పైకి అనకూడదు. నిన్నటిదాకా మీరు లబ్ధిదారు. అడగొచ్చు. ఈరోజు మీరు భాగస్వామి. భాగస్వామి గాని, వారి కుటుంబ సభ్యులు గాని పథకం వల్ల లబ్ధి పొందితే అది స్వప్రయోజనాల సంఘర్షణ. పదకొండో నిబంధన."

"అంటే ఇంక తలుపు తీసినా మా గుంటకి వెయ్యరా?"

"ముఖ్యంగా మీ పాపకే వెయ్యకూడదు."

"అయితే నాకీ కుర్చీ వొద్దు. రాజీనామా రాసుకోండి."

"తప్పకుండా. మూడు నెలలకోసారి జరిగే సర్వసభ్య సమావేశంలో చర్చకి వస్తుంది. అప్పటిదాకా మీ సేవలు కొనసాగుతాయి" అని మళ్ళీ దణ్ణం పెట్టాడు.

ఆ రోజు ఇంటికి వచ్చి నా చేతులతో నేనే నా కూతురి పేరు కొట్టేయించానని ఏడ్చాను. హారిక తనంతట తనే నీళ్ళ గ్లాసు తెచ్చి, నా ఎదురుగా గటగటా తాగి చూపించింది. "సూడు, నాకేం కాలేదు" అంది.

గురువారం చక్రపాణి గారు మా ఇంటికే వచ్చాడు. చంకలో లావు పుస్తకం. ముప్పుల పట్టిక అట. పథకంలో ఏమేం చెడిపోవచ్చో ముందే ఊహించి రాయాలి. ఏడుగురు భాగస్వాములు ఆరు నెలలు కూర్చొని నాలుగు ముప్పులు రాశారు. సమాజ ప్రతినిధి కూడా ఏదైనా ఉంటే చెప్పాలి.

"ఏదైనా అంటే ఎన్ని?" అన్నాను.

"ఒకటి రెండు చాలమ్మా."

పొయ్యి మీద పప్పు ఉంది. పప్పు ఉడికేలోపు నలభై చెప్పాను. ఎలక వైరు కొరికితే. అద్దం పగిలి గాజు పెంకు మందులో పడితే. చీమలు. వాన కురిసి గోడ నానితే, ఫ్రిజ్ ముట్టుకున్న సిస్టర్‌కి షాకు కొడితే. సిస్టర్ పురిటికి వెళ్తే. వెళ్ళి రాకపోతే. పెట్టె బరువుకి గచ్చు కుంగితే. తాళం చెవి ఉన్న మనిషి బావిలో పడితే. తాళం చెవి చక్రపాణి గారి దగ్గరే ఉంటుందట, ఆయన ఒకసారి ఆగి మా నూతి వైపు చూసి మళ్ళీ రాసుకున్నాడు. మధ్యాహ్నానికి నూట నలభై మూడు అయ్యాయి. ఆయన వేళ్ళు విరుచుకుంటూ, "అమ్మా, ఇన్నాళ్ళూ మీరెక్కడున్నారు?" అన్నాడు. నిజంగానే గౌరవంగా అన్నాడు. నా భయాలకి అంత మర్యాద ఎప్పుడూ దొరకలేదు.

వాటిలో నూట ఇరవై ఏడోది కరెంటు పోవడం. అది వినగానే ఆయన కలం ఆగిపోయింది.

"కరెంటు పోతుందా?"

"పోకుండా ఎలగుంతాది బావూ? కొత్తగా పెట్టినారు గావాల, ఇంకా పోలేదు. పోతే మందు వేడెక్కిపోదా?"

ఆ ఏడు దేశాల్లో కరెంటు పోదట. అందుకని ఎవరికీ తట్టలేదు. ఆయన ఎర్ర సిరాతో గీత గీశాడు. "ఇది తీవ్రమైన ముప్పు. ముప్పు చెప్పినవారే ఉపశమన చర్య కూడా సూచించాలి. దాన్నే సమాజ యాజమాన్యం అంటాం. పోతే ఏం చేద్దాం?"

నేనేమీ ఎత్తు వెయ్యలేదు. ఒట్టు. ఏ ఆడమనిషైనా చెప్పే మాటే చెప్పాను. "అరగంట సూసి, రాకపోతే తలుపు తీసి, మందు ఐసు పెట్టెలో పెట్టుకోడమే. ఎవుల్నడుగుతాం అప్పుడు?"

ఆయన దాన్ని సాపు చేసి ఏడుగురికీ పంపాడు. సాయంత్రం ఐదింటికల్లా ఏడుగురూ ఒప్పేసుకున్నారు. ఫ్రిజ్ తలుపు పిడి ఎవరిదన్నది వాళ్ళ మధ్య నాలుగు నెలలుగా తేలలేదు. ఐసు మాట మాత్రం పూటలో తేలిపోయింది. ఐసుతో ఏ దేశానికీ పేచీ లేదు.

సంత దగ్గర కూర కొంటూ ఈ సంగతి నూకాలమ్మతో చెప్పాను. తవిటయ్య కూడా అక్కడే కానాగంత చేపలు బేరం ఆడుతున్నాడు. ఇద్దరూ ఒకేసారి ఆగిపోయి ఒకరినొకరు చూసుకున్నారు.

"ఎంత సేపన్నావప్పా?" అన్నాడు తవిటయ్య.

"అరగంట."

అతను చేపలు గంపలో పెట్టేశాడు. "ఆస్పత్రి లైను మీద వేపకొమ్మ ఆనుతోంది. నాలుగు నెలలైంది, కొట్టాలి కొట్టాలి అనుకుంటన్నాను. రేపు పదింటికి ఎల్సీ తీసుకుంతాను."

పని చేసుకోవడానికి లైన్లో కరెంటు ఆపించడాన్ని వాళ్ళు ఎల్సీ అంటారు. నూకాలమ్మ తన ఐసు పెట్టె మూత తీసి వాసన చూసి, "సబ్బెట్టి తోమాలి" అంది.

ఆ క్షణం నుంచి నాకు నూట నలభై మూడు భయాలూ ఒక్కసారి పట్టుకున్నాయి. అరగంటలో మందు నిజంగానే పాడైపోతే? ఉన్నవే మూడు సీసాలు. తవిటయ్య చెట్టు మీదినుంచి పడితే? చక్రపాణి గారు ఆరోజు రాకపోతే? వచ్చి నూతిలో పడితే?

శుక్రవారం పదింటికి కాటు తిన్నవాళ్ళం అందరం అక్కడే ఉన్నాం, తవిటయ్య తప్ప. అతను బయట కొమ్మ మీద ఉన్నాడు. పదీ ఐదుకి, గీతా ఏడు ముఖాలూ కనిపిస్తున్న టీవీ ఆరిపోయింది. ఫ్రిజ్ దీపం ఆరిపోయింది. ఏడు దేశాల వాళ్ళూ ఒక్కసారి మాయమైపోయారు. సూదుల గదికి కిటికీ లేదు, చీకటి గుయ్యారం.

చక్రపాణి గారి ఫోను మోగడం మొదలుపెట్టింది. "యస్... గీత కనబడట్లేదా... లేదండి, గీత క్షేమంగానే ఉంది... ప్రస్తుతానికి కనబడట్లేదంతే..." ఒకటి పెడితే ఇంకొకటి. చొక్కా తడిసిపోయింది. "వచ్చే నెల నా కాంట్రాక్టు పొడిగించాలమ్మా. ఈ గీత ఒక్కటే నేను చూపించుకోడానికి" అని ఎవరితోనో అన్నట్టు నాతో అన్నాడు.

ఉష్ణమాపకానికి బ్యాటరీ ఉంది, అంకెలు కనిపిస్తున్నాయి. ఐదు. ఐదున్నర. ఎనిమిది దాటితే మందు నీళ్ళతో సమానమని సిస్టర్ చెప్పింది. నేను హారిక చెయ్యి పట్టుకొని ఆ అంకెలే చూస్తున్నాను. ఆరు. ఇరవై నిమిషాలు. ఆరున్నర. హారిక, "అమ్మా, నొప్పెడుతోంది, వొదులు" అంది. దాని చెయ్యి నలిపేస్తున్నానని అప్పుడు తెలిసింది.

పదీ ముప్పై ఐదుకి నేను లేచాను. "బావూ, నూట ఇరవై ఏడు."

ఆయన పుస్తకం తెరిచి, ఫోను వెలుగులో చదివాడు. మళ్ళీ చదివాడు. జేబులోంచి తాళం చెవి తీశాడు. "భాగస్వాములెవరి అనుమతీ అవసరం లేదని ఉంది" అన్నాడు. నమ్మలేక కాదు, భయమేసి. "ఐసు పెట్టె?"

నూకాలమ్మ పెట్టె ముందుకు తోసింది. ఎంత తోమినా కానాగంతల వాసన పోలేదు. ఆయన ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకొని తాళం తీశాడు. తలుపు తెరుచుకుంది. శనివారం తరవాత మొదటిసారి. చల్లగాలి మా ముఖాలకి తగిలింది.

సిస్టర్ రెండు సీసాలు ఐసులో పెట్టింది. మూడోది చేతిలో ఉంచుకుంది. సరిగ్గా అప్పుడే తవిటయ్య వేపాకులతో, చెమటతో లోపలికి వచ్చాడు.

"సార్, ఇది వేదిక నుంచి బయటికొచ్చి, ఐసులోకి ఎల్లని మందు" అంది సిస్టర్. " పుస్తకంలో ఏటని రాయమంటారు?"

"నష్టం అని రాయాలి."

"నష్టపోయిన మందు ఏటి సెయ్యాలి?"

"నిబంధన ప్రకారం పారబోయాలి."

"ఎక్కడ?"

ఆయన పేజీలు తిప్పాడు. చాలా తిప్పాడు. "స్థలం పేర్కొనలేదు. స్థానిక పరిస్థితులను అనుసరించి, అని ఉంది."

"అయితే కూకోండర్రా" అంది సత్యవేణి సిస్టర్.

నలుగురం బల్ల మీద కూర్చున్నాం. ఒక్కొక్కరికి రెండు భుజాలకీ వెయ్యాలి, మొత్తం ఎనిమిది భుజాలు. గదిలో చీకటి, సూది మొన కనబడడం లేదు. చక్రపాణి గారు ఒక్క క్షణం గోడ వైపు తిరిగాడు. తరవాత ఇటు తిరిగి, ఫోను దీపం పైకెత్తి హారిక భుజం మీద పట్టుకున్నాడు. "ఇది వెలుతురు మాత్రమేనమ్మా. భాగస్వామ్యం కాదు" అన్నాడు. సిస్టర్ సీసాలో చుక్క మిగలకుండా స్థానిక పరిస్థితులను అనుసరించి పారబోసింది. హారిక ఏడవలేదు. నేనే ఏడ్చాను.

పదకొండింటికి కరెంటు వచ్చింది. సీసాలు రెండూ వేదిక ఎక్కాయి, తాళం పడింది. టీవీలో ఏడు ముఖాలూ మళ్ళీ వచ్చాయి. ఆకుపచ్చ గీత మధ్యలో ఒంటె వీపంత గుట్ట లేచి ఉంది. చక్రపాణి గారు తల దించుకొని నిలబడ్డాడు. ఎల్సా గారు ఆ గుట్టని చాలాసేపు చూసింది. తరవాత చప్పట్లు కొట్టింది. ఆరుగురూ అందుకున్నారు.

"దీన్ని తట్టుకునే శక్తి అంటారట" అన్నాడాయన, ఊపిరి పీల్చుకొని. "కదలని గీత కన్నా, కదిలి కుదుటపడిన గీత ఇంకా బలమైనదట."

సాయంత్రం నివేదికలో రాసింది నాకు చదివి వినిపించాడు. విపత్తు ఒకటి. ఎదుర్కొన్నది ఒకటి. నష్టపోయిన సీసా ఒకటి. లబ్ధిదారులు సున్నా. లబ్ధి పొందినవాళ్ళు లేరు కాబట్టి నాకు స్వప్రయోజనమూ లేదు. నిబంధనలన్నీ పాటించినట్టే. ఆ సున్నాలో నా కూతురు ఉంది. నేనూ ఉన్నాను.

ఇది అక్కడితో అయిపోతే నేను రాసే పనే ఉండేది కాదు. తరవాతి బుధవారం మళ్ళీ కమిటీ కూర్చుంది. చక్రపాణి గారి కాంట్రాక్టు పొడిగించారట, లడ్డూ తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"మీ నూట ఇరవై ఏడో ముప్పు ఏడుగురినీ కదిలించిందమ్మా. జనరేటరు ఇస్తున్నారు. దాని మీద బ్యాటరీలు, పైన సౌర పలకలు. రేపే బిగిస్తారు. ఇక మన వేదికకి ఈ జన్మలో కరెంటు పోదు. అందుకని ఆ ఐసు నిబంధన కూడా అనవసరమని తీసేశారు. తలుపు మళ్ళీ పూర్తిగా ఉమ్మడి నిర్ణయమే. అంతా మీ చలవే."

లడ్డూ నోట్లో పెట్టుకోలేకపోయాను. గోడ మీది క్యాలెండరు వైపు చూశాను. ఇరవై ఎనిమిదో రోజుకి ఇంకా పన్నెండు రోజులున్నాయి. అద్దం వెనక రెండు సీసాలు మెరుస్తున్నాయి. టీవీలో గీత మళ్ళీ చెరువు నీళ్ళలాగ పడుకుంది. ఎల్సా గారు నా వైపు చూసి ఏదో అడిగింది.

"కొత్త ముప్పులేమైనా ఉన్నాయా అని అడుగుతున్నారు. లేకపోతే పట్టిక మూసేద్దామంటున్నారు" అన్నాడు చక్రపాణి గారు.

"ముయ్యకండి. రాసుకోండి బావూ, నూట నలభై నాలుగు."

ఆయన కలం తీశాడు. "చెప్పండి."

"అన్నీ సవ్యంగా పనిచేస్తే?"

కలం కాగితం మీద ఆగిపోయింది. "అది... ముప్పా అమ్మా?"

"తీవ్రమైనదే. ఎర్ర సిరాతో గియ్యండి" అన్నాను. "గీసి, ఏం సెయ్యాలో ఈసారి వాళ్ళనే సెప్పమనండి. పన్నెండు రోజుల్లోపల."

ఆయన ఏడుగురికీ ఇంగ్లీషులో చెప్పాడు. ఈసారి మూడు నిమిషాలు పట్టలేదు. ఒక్క ముక్కలో అయిపోయింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.